స్థూలకాయం, షుగరుతో వచ్చే కిడ్నీ జబ్బుకు ఎలుక మోడల్: మేత కలపడం నుంచి స్లైడు చదవడం దాకా

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ విద్యార్థులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. "స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చాం, షుగర్ 400 దాటింది, ఆరు వారాలు ఆగాం. స్లైడులో మాత్రం కిడ్నీ మామూలుగానే ఉంది. ఎక్కడ తప్పు జరిగింది?"

స్ట్రెప్టోజోటోసిన్ అంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపి షుగర్ తెప్పించే మందు. తప్పు ఎక్కువగా ఒకే చోట జరుగుతుంది. షుగర్ ఎక్కిన ఎలుకను కిడ్నీ జబ్బు ఎలుక అనుకుంటున్నారు. ఆ రెండూ ఒకటి కావు. మోడల్ (పరిశోధన కోసం జబ్బు తెప్పించిన జంతువు) వచ్చిందని చెప్పాలంటే మూడు విషయాలు రుజువు చేయాలి: కిడ్నీ నిజంగా దెబ్బతింది, ఆ దెబ్బ షుగరు, కొవ్వుల వల్ల వచ్చిందే తప్ప ఇంజక్షన్ మందు విషం వల్ల కాదు, ఎలుక వయసు వల్లో మేతలోని లోపం వల్లో కూడా కాదు. కింద చెప్పిన ప్రతి మెట్టూ ఈ మూడింటి కోసమే.

## 1. ముందు ప్రశ్న, తర్వాత మోడల్

"ఏ మోడల్ మంచిది?" అని మొదలుపెట్టకండి. "నేను దేన్ని కొలవాలి?" అని మొదలుపెట్టండి.

స్థూలకాయం ఒక్కటే కావాలంటే: సీ57బీఎల్/6 మగ చుంచెలుకలకు 6 వారాల వయసు నుంచి 60 శాతం కేలరీలు కొవ్వు నుంచి వచ్చే మేతను 12–16 వారాలు పెట్టాలి. గ్లోమెరులస్‌లు (కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నటి రక్తనాళాల ముద్దలు) పెద్దవవుతాయి, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్స్‌లో (వాటి తర్వాత వచ్చే మొదటి గొట్టాలు) కొవ్వు బొట్లు కనిపిస్తాయి, మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే రక్తపు ప్రొటీన్) కొద్దిగా పెరుగుతుంది. ఇంతకుమించి ఆశించకండి. ఈ జాతికి షుగర్ కిడ్నీ జబ్బు అంత తేలిగ్గా రాదు.

జన్యుపరమైన మోడల్ కావాలంటే: బీకేఎస్ డీబీ/డీబీ చుంచెలుకల్లో లెప్టిన్ (ఆకలిని తగ్గించే హార్మోన్) రిసెప్టర్ పనిచేయదు. సుమారు 8 వారాల వయసు నుంచే మూత్రంలో అల్బుమిన్ కనిపిస్తుంది. బీటీబీఆర్ ఓబీ/ఓబీ చుంచెలుకల్లో లెప్టినే ఉండదు. మనిషి కిడ్నీలో కనిపించే మార్పులకు వీటి కిడ్నీ బాగా దగ్గరగా ఉంటుంది. ఎలుకల్లో జెడ్‌ఎస్‌ఎఫ్1 రకానికి లావు, షుగర్, బీపీ మూడూ వస్తాయి. ఇవన్నీ ఖరీదైనవి, దొరకడం కష్టం. పైగా లెప్టిన్ లోపంతో లావయ్యే మనుషులు చాలా అరుదు. ఆ పరిమితిని థీసిస్‌లో రాయాల్సిందే.

చేతిలో ఉన్న బడ్జెట్‌తో లావు, షుగర్, కిడ్నీ మూడూ చూడాలంటే: మగ విస్టార్ లేదా స్ప్రేగ్ డాలే (ల్యాబుల్లో మామూలుగా వాడే రకాలు) ఎలుకలకు హై ఫ్యాట్ డైట్ (కొవ్వు ఎక్కువున్న మేత), ఆపైన తక్కువ డోసు స్ట్రెప్టోజోటోసిన్. మన దగ్గరి కాలేజీల్లో చేయగలిగింది ఇదే కాబట్టి మిగతా గైడ్ అంతా దీని గురించే.

షుగర్ తెప్పించే ఇంకో మందు అల్లాక్సాన్ జోలికి వెళ్ళకండి. పనిచేసే డోసుకూ చంపే డోసుకూ మధ్య తేడా తక్కువ, కొన్ని ఎలుకల్లో షుగర్ తిరిగి మామూలైపోతుంది, అది కిడ్నీని నేరుగానూ దెబ్బతీస్తుంది. చవకగా దొరుకుతుందని కిడ్నీ పనికి దాన్ని వాడితే తర్వాత ఏ ఫలితాన్నీ సమర్థించుకోలేరు.

## 2. క్యాలెండర్, అనుమతి, గది

మొత్తం పని 20 వారాలకు తగ్గదు. 1 వారం అలవాటుకు, 4 వారాలు మేతకు, ఇంజక్షన్ తర్వాత కనీసం 12 వారాలు, ఆపైన కణజాలం పని. "ప్రాజెక్టు నాలుగు నెలలే" అంటే ఈ మోడల్ మీకు కాదు. స్థూలకాయం ఒక్కదాన్నో, ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్ ఉన్నా ఒంట్లో సరిగ్గా పనిచేయకపోవడం) ఒక్కదాన్నో తీసుకుని నిజాయితీగా ఆ పేరే పెట్టుకోండి.

వరంగల్, రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీల దగ్గరికి వెళ్ళే ఎండ ఉంటుంది. యానిమల్ హౌస్‌లో ఉష్ణోగ్రత 22 డిగ్రీలకు అటూ ఇటూగా, తేమ 30–70 శాతం మధ్య ఉండాలి. షుగర్ ఉన్న ఎలుక రోజుకు 100–200 మి.లీ. నీళ్ళు తాగి అంతా మూత్రంగా పోసేస్తుంది. అలాంటి జంతువుకు ఏసీ ఆగిన రెండు గంటలు చాలు, ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. అందుకే ఎలుకలను జులై, ఆగస్టుల్లో తెప్పించి డిసెంబరు, జనవరికల్లా పని ముగించేలా వేసుకోండి. వేసవి తప్పదంటే ఏసీకీ, ఎగ్జాస్ట్‌కూ జనరేటర్ లైను ఉందో లేదో మీ కళ్ళతో చూసి నిర్ధారించుకోండి.

అనుమతి లేకుండా ఒక్క ఎలుకనూ ముట్టకూడదు. కాలేజీకి జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ (ఇదివరకటి సీపీసీఎస్‌ఈఏ) రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ ప్రొటోకాల్ ఫారం-బీ రూపంలో ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్ళాలి. ఎన్ని జంతువులు, ఎందుకన్ని, నొప్పి ఎలా తగ్గిస్తారు, ఎప్పుడు ఆపేస్తారు అన్నవి అందులో స్పష్టంగా రాయండి. ఎలుకలను రిజిస్టరైన బ్రీడర్ దగ్గరే కొనాలి.

హైదరాబాద్ నుంచి తెచ్చేటప్పుడు దాదాపు 150 కిలోమీటర్ల ప్రయాణం. తెల్లవారుజామునే బయల్దేరదీయండి. పెట్టెల్లో నీటిసీసాకు బదులు దోసకాయ ముక్కలో, జెల్లో పెట్టించండి. వచ్చిన రోజే బరువు తూచకుండా ఒక్కరోజు వదిలేయండి. ప్రయోగం మొదలుపెట్టేముందు కనీసం 7 రోజులు అలవాటు పడనివ్వండి.

మొదలుపెట్టేముందు చెక్‌లిస్టు
- ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు చేతికి వచ్చింది
- మగ ఎలుకలు, 6–8 వారాలు, 160–200 గ్రాములు, ఒకే బ్యాచ్ (ఆడ ఎలుకలు స్ట్రెప్టోజోటోసిన్‌ను ఎక్కువగా తట్టుకుంటాయి)
- 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి నడిపే టైమర్ పనిచేస్తోంది
- మైనస్ 80 ఫ్రీజర్‌లో చోటు, దానికి బ్యాకప్ కరెంటు ఉన్నాయి
- మెటబాలిక్ కేజీలు (మూత్రాన్ని వేరుగా పట్టే బోనులు) ఎన్ని ఉన్నాయో లెక్క తేలింది (గ్రూపుల సంఖ్య దీని మీదే ఆధారపడుతుంది)

## 3. గ్రూపులు: ఎక్కడ పొదుపు చేయకూడదంటే

థీసిస్‌లలో సాధారణంగా "నార్మల్, డయాబెటిక్, స్టాండర్డ్, టెస్ట్" అని నాలుగు గ్రూపులు పెడతారు. ఈ మోడల్‌కు అవి చాలవు. కనీసం ఇవి ఉండాలి:

1. మామూలు మేత + బఫర్ (మందు కలపని ద్రావణం) ఇంజక్షన్
2. హై ఫ్యాట్ డైట్ + బఫర్ (లావు ఒక్కదాని ప్రభావం ఇక్కడ తెలుస్తుంది)
3. హై ఫ్యాట్ డైట్ + స్ట్రెప్టోజోటోసిన్
4. హై ఫ్యాట్ డైట్ + స్ట్రెప్టోజోటోసిన్ + షుగరును అదుపులో ఉంచే ఇన్సులిన్
5. గ్రూపు 3 + లోసార్టాన్ (కిడ్నీని కాపాడే బీపీ మందు) వంటి స్టాండర్డ్ మందు (వ్యాసాల్లో సాధారణంగా రోజుకు కిలోకు 10 మి.గ్రా. నోటి ద్వారా)
6. గ్రూపు 3 + మీరు పరీక్షించే మందు

నాలుగో గ్రూపును చాలామంది ఖర్చని తీసేస్తారు. మోడల్‌కు ప్రాణం అదే. స్ట్రెప్టోజోటోసిన్ బీటా కణాల్లోకి గ్లూట్2 అనే ద్వారం గుండా వెళ్తుంది. అదే ద్వారం కిడ్నీ ప్రాక్సిమల్ ట్యూబ్యూల్స్‌లోనూ ఉంది, అందుకే ఆ మందు కిడ్నీని నేరుగా కొడుతుంది. షుగర్ అదుపులో పెట్టినా నాలుగో గ్రూపులో కిడ్నీ రెండో గ్రూపు కంటే ఎక్కువ చెడిందంటే ఆ చెడు స్ట్రెప్టోజోటోసిన్ నుంచి వచ్చి ఉంటుంది. బాగుందంటే మూడో గ్రూపులో కనిపించింది షుగరు వల్లనే అని ధైర్యంగా రాయవచ్చు.

సంఖ్య విషయానికొస్తే, మొత్తం జంతువుల్లోంచి గ్రూపుల సంఖ్య తీసేస్తే 10–20 మధ్య రావాలన్న సూత్రాన్ని కమిటీలకు చూపిస్తుంటారు. అల్బుమిన్ విషయంలో అది సరిపోదు. ఒకే గ్రూపులో ఒక ఎలుకకూ ఇంకో ఎలుకకూ ఎన్నో రెట్లు తేడా వస్తుంది. ముగింపులో గ్రూపుకు 8 మిగిలేలా చూసుకోండి. ఇంజక్షన్ పడే గ్రూపుల్లో మరణాలకూ, షుగర్ ఎక్కనివాటికీ 20–25 శాతం అదనంగా అడగండి, కారణం ఫారంలోనే రాయండి.

## 4. మేత కలపడం

రెడీమేడ్‌గా 45 శాతం, 60 శాతం కొవ్వు కేలరీల పెల్లెట్లు దొరుకుతాయి. డబ్బుంటే అవే కొనండి, బ్యాచ్‌కు బ్యాచ్‌కు తేడా రాదు. సొంతంగా కలుపుకోవాలంటే మన దేశపు ల్యాబుల్లో బాగా వాడుకలో ఉన్న పాళ్ళు, ఒక కిలోకు:

- పొడి చేసిన మామూలు మేత: 365 గ్రా.
- లార్డ్ (పంది కొవ్వు): 310 గ్రా.
- కేసీన్ (పాల ప్రొటీన్): 250 గ్రా.
- కొలెస్ట్రాల్: 10 గ్రా.
- విటమిన్, మినరల్ మిశ్రమం: 60 గ్రా.
- డీఎల్-మెథియోనిన్: 3 గ్రా.
- ఈస్ట్ పొడి: 1 గ్రా.
- ఉప్పు: 1 గ్రా.

ఇందులో సుమారు 58 శాతం కేలరీలు కొవ్వు నుంచి వస్తాయి. కలిపే వరుస ముఖ్యం. పొడులన్నీ ముందు పొడిగానే కలిపి జల్లెడ పట్టండి. కొలెస్ట్రాల్‌ను గోరువెచ్చగా కరిగించిన లార్డ్‌లో కలపండి. లార్డ్ చల్లారాక, చేత్తో పట్టుకోగలిగే వేడిలో పొడుల్లో పోసి ముద్ద చేయండి. వేడి వేడిగా పోస్తే విటమిన్లు పోతాయి. 15–20 గ్రాముల ఉండలు చేసి గాలి చొరబడని కవర్లలో మైనస్ 20లో పెట్టండి. కేజీలో వేసిన మేతను రెండు రోజులకోసారి మార్చండి. కొవ్వు చెడి ముక్కిపోయిన వాసన వస్తే ఎలుక తినదు, బరువు పెరగదు, మీరేమో "మోడల్ రాలేదు" అనుకుంటారు.

లార్డ్ దొరకలేదని చాలామంది వనస్పతి, కొబ్బరినూనె వాడతారు. పాత వ్యాసాల్లోని వనస్పతి ఇప్పుడు బజార్లో లేదు. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని నియమం ఉంది. పాత ప్రొటోకాల్‌ను డబ్బా పేరు చూసి అలాగే దించేస్తే అదే ఫలితం వస్తుందన్న హామీ లేదు. వాడితే బ్యాచ్ నంబరు రాసుకోండి, ప్రయోగం అంతటికీ సరిపడా ఒకేసారి కొనండి.

ఇంకో మాట, ఇది ఎవరూ పట్టించుకోరు: ప్రొటీన్. ఎక్కువ ప్రొటీన్ తింటే కిడ్నీ వడపోత దానంతటదే పెరుగుతుంది, కిడ్నీ బరువూ పెరుగుతుంది. పై మిశ్రమంలో కేసీన్ చాలా ఉంది. అందుకే రెండో గ్రూపు తప్పనిసరి. వీలైతే ప్రొటీన్ సమానంగా ఉండి కొవ్వు మాత్రం తక్కువగా ఉన్న కంట్రోల్ మేతను మొదటి గ్రూపుకు వాడండి.

లెక్క: షుగర్ వచ్చాక ఆకలి పెరుగుతుంది కాబట్టి సగటున రోజుకు 20 గ్రాములు అనుకోండి. 16 వారాలకు 112 రోజులు, ఒక ఎలుకకు 2.24 కిలోలు. 40 ఎలుకలకు దాదాపు 90 కిలోలు. ఇంజక్షన్ తర్వాత కూడా ఈ మేతే కొనసాగించాలి. ఆపేస్తే మోడల్‌లోంచి స్థూలకాయం జారిపోతుంది.

నాలుగు వారాల మేత తర్వాత, ఇంజక్షన్‌కు ముందు, ఇన్సులిన్ నిరోధకత వచ్చిందో లేదో చూడండి. 4–6 గంటలు పస్తు ఉంచి, కిలోకు 0.75 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ ఇచ్చి, 0, 30, 60, 90, 120 నిమిషాలకు తోక చివరి నుంచి షుగర్ కొలవండి. మామూలు మేత ఎలుకల కంటే షుగర్ నిదానంగా దిగాలి. ఇక్కడ తేడా లేకపోతే ఇంకో రెండు వారాలు మేత పెట్టండి. ఇంజక్షన్ ఇచ్చేసి తర్వాత చూద్దాం అనుకోవద్దు.

## 5. ఇంజక్షన్ రోజు

సగానికి పైగా ప్రయోగాలు చెడేది ఈ రోజే. పక్కన ఇంకో మనిషిని పెట్టుకోండి: ఒకరు తూచి కలిపి సిరంజిలో నింపాలి, ఇంకొకరు ఎలుకను పట్టుకుని ఇవ్వాలి.

బఫర్, ముందురోజే. సిట్రిక్ యాసిడ్ మోనోహైడ్రేట్ 2.1 గ్రా. 100 మి.లీ. నీటిలో, ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.94 గ్రా. 100 మి.లీ. నీటిలో. మొదటిది సుమారు 53 పాళ్ళు, రెండోది 47 పాళ్ళు కలిపితే పీహెచ్ 4.5 దగ్గరికి వస్తుంది. మీటరుతో చూసి సరిచేయండి, పీహెచ్ పేపరును నమ్మకండి. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

మందు తూచడం. మందు సీసాను మైనస్ 20 నుంచి తీసి, గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా మూత తీయకండి. చల్లటి పొడి మీద తేమ కూర్చుంటే మందు చెడుతుంది. మొత్తం ఒకేసారి కరిగించవద్దు. మూడేసి ఎలుకలకు సరిపడా విడివిడి ట్యూబుల్లో తూచి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఐసులో పెట్టండి.

ఉదాహరణకు 250 గ్రాముల ఎలుకకు కిలోకు 35 మి.గ్రా. అంటే 8.75 మి.గ్రా. మి.లీ.కి 17.5 మి.గ్రా. ఉండేలా కలిపితే ఒక ఎలుకకు 0.5 మి.లీ. మూడింటికి 1.5 మి.లీ. కావాలి. సిరంజిలో పోయేది కలుపుకుని 31.5 మి.గ్రా. తూచి, ఇచ్చే క్షణంలో 1.8 మి.లీ. చల్లటి బఫర్ పోయండి. కరిగించిన 15 నిమిషాల్లో మూడు ఎలుకలకూ పడిపోవాలి. నాలుగో ఎలుకకు కొత్త ట్యూబు.

ఈ ఒక్క పద్ధతి మార్చుకుంటే చాలు, "కొన్నిటికి షుగర్ ఎక్కింది, కొన్నిటికి ఎక్కలేదు" అన్న గోడు సగం తీరుతుంది. పది మి.లీ. ఒకేసారి కలిపి గంటసేపు ఇచ్చేవాళ్ళకు మొదటి ఎలుకకు పడిన మందు ఆఖరి ఎలుకకు పడదు.

ఇవ్వడం. ఉదయం మేత తీసి 4–6 గంటలు పస్తు ఉంచండి, నీళ్ళు తీయవద్దు. రాత్రంతా పస్తు ఉంచితే మరణాలు పెరుగుతాయి. అదే రోజు తూచిన బరువుకే డోసు లెక్కించండి. పొట్ట కింది కుడి భాగంలో, తల కిందికి వాల్చి, 26 గేజ్ సూదితో ఇవ్వండి. ముందు పిస్టన్ కొద్దిగా వెనక్కి లాగి చూడండి. పచ్చగానో ఎర్రగానో ఏదైనా వస్తే ఆ సూది పారేసి వేరే చోట ఇవ్వండి. పేగులో పడిన మందు షుగర్ ఎక్కించదు.

డోసు విషయంలో తొందరపడవద్దు. కిలోకు 30–35 మి.గ్రా. దగ్గర ఉండండి. కిలోకు 55–65 మి.గ్రా. అంటే అది టైప్ 1 (ఇన్సులిన్ దాదాపు లేకుండా పోయే షుగర్) మోడల్. మీ దగ్గరి ఎలుకలు ఎలా స్పందిస్తాయో ముందుగా నాలుగైదింటి మీద పైలట్ చేసి తేల్చుకోండి. ఆ పైలట్‌కూ కమిటీ అనుమతి ఉండాలి.

మీ రక్షణ. ఈ మందు క్యాన్సర్ కలిగించగలదు. రెండు జతల గ్లౌజులు, ఎన్95 మాస్కు, ఫ్యూమ్‌హుడ్ తప్పనిసరి. ఇంజక్షన్ పడ్డ తర్వాత 72 గంటల దాకా ఆ కేజీల ఊకను ప్రమాదకర వ్యర్థంగా వేరే సంచిలో కట్టి కాల్చివేతకు పంపండి. ఊడ్చే ఆయమ్మకు ఈ విషయం ముందే, ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆమెకూ గ్లౌజులు ఇవ్వాలి.

## 6. మొదటి 72 గంటలు, ఆపైన నిర్ధారణ

చచ్చిపోయే బీటా కణాలు తమలోని ఇన్సులిన్‌ను ఒక్కసారిగా వదిలేస్తాయి. ఇంజక్షన్ అయిన కొన్ని గంటలకు షుగర్ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది. మరణాలు ఎక్కువగా ఆ మొదటి రాత్రే. మేత వెంటనే తిరిగి పెట్టి, 24 గంటలు తాగే నీటికి బదులు 5–10 శాతం గ్లూకోజ్ నీళ్ళు పెట్టండి. రాత్రి ఒక్కసారైనా వెళ్ళి చూడండి. కదలకుండా చల్లబడి పడున్న ఎలుకకు గ్లూకోజ్ నోటిలో కొద్దికొద్దిగా పట్టండి.

72 గంటలకు ఒకసారి, 7వ రోజు ఇంకోసారి షుగర్ చూడండి. రెండు సార్లూ 250 మి.గ్రా./డెసిలీటరు దాటినవే గ్రూపులోకి వస్తాయి. గ్లూకోమీటర్ "హెచ్ఐ" (కొలతకు అందనంత ఎక్కువ) చూపించేవి మంచి మోడల్ కాదు. అవి బరువు తగ్గి, కీటోన్లతో (ఇన్సులిన్ లేక కొవ్వు కరిగి పుట్టే పదార్థాలు), నాలుగు వారాల్లో ఎండిపోతాయి. 300–450 మధ్య నిలిచేవి మీకు కావాలి.

నిర్ధారణ అయ్యాకే గ్రూపులకు పంచండి. షుగర్, బరువు రెండూ చూసి చిన్న నుంచి పెద్ద వరసలో పేర్చి, ఆ వరసలోంచి చీటీలతో పంచితే గ్రూపుల సగటులు సమానంగా వస్తాయి.

మూత్రం మొదటి కొలత ఇంజక్షన్ అయిన మూడో వారంలో తీయండి. మందు నేరుగా కొట్టిన ట్యూబ్యూల్ గాయం అప్పటికి చాలావరకు మానుతుంది. మొదటి వారంలో పెరిగిన అల్బుమిన్‌ను చూసి "నెఫ్రోపతీ (కిడ్నీ జబ్బు) వచ్చేసింది" అని రాయడం ఈ రంగంలో అతి సాధారణమైన తప్పు.

## 7. పన్నెండు వారాల సంరక్షణ

ఉత్తర తెలంగాణలో రైస్ మిల్లులకు కొదవ లేదు కాబట్టి ఊక తేలిగ్గా దొరుకుతుంది. దుమ్ము జల్లించి ఆటోక్లేవ్ చేసి వాడండి. షుగర్ ఎలుకల కేజీలో ఊక రోజూ మార్చాలి. వారానికి రెండుసార్లంటే కుదరదు, తడికి పాదాలు పుళ్ళు పడతాయి, అమ్మోనియాకు ఊపిరితిత్తులు చెడతాయి. కేజీకి రెండు ఎలుకలు, రెండు నీటిసీసాలు.

బరువు వారానికి రెండుసార్లు తూచండి. అత్యధిక బరువు నుంచి 20 శాతం తగ్గిన ఎలుకను ప్రయోగం నుంచి తప్పించి, బాధ లేకుండా ముగించాలి. బరువు తగ్గుతూ కీటోన్లు వస్తున్న వాటికి దీర్ఘకాల ఇన్సులిన్ 2 యూనిట్ల చొప్పున వారానికి రెండు మూడుసార్లు ఇచ్చి బతికించడం వాడుకలో ఉంది. షుగరును మామూలు చేయకుండా కీటోన్లను ఆపడమే దీని పని. ఇచ్చిన ప్రతి యూనిట్టూ రికార్డులో రాయండి.

## 8. మూత్రం: అసలు పరీక్ష

మెటబాలిక్ కేజీలో ఎలుకను తిన్నగా పెట్టి మర్నాడే లెక్క రాసుకోకండి. ముందు ఒక పగలు ఖాళీగా అలవాటు చేయండి. తర్వాతి 24 గంటలు లెక్క.

మామూలు ఎలుక రోజుకు 10–20 మి.లీ. పోస్తుంది. షుగర్ ఎలుక 100 మి.లీ. దాటుతుంది. ట్యూబు నిండి పొంగి, తెల్లారేసరికి కింద ట్రేలో కాలువ కట్టి ఉంటుంది. "24 గంటల మూత్రం 50 మి.లీ." అని రాసుకున్నది నిజానికి ట్యూబు పట్టినంత. పెద్ద ట్యూబు పెట్టండి, లేదా 12 గంటలకు ఒకసారి ఖాళీ చేయండి. ట్యూబు చుట్టూ ఐసు ఉండాలి.

నీటిసీసా చుక్కలు మూత్రంలో పడుతున్నాయేమో తెలుసుకోవాలంటే ఒక రాత్రి ఎలుక లేకుండా సీసా బిగించి వదిలేయండి. పొద్దున ట్యూబులో నీళ్ళుంటే ఆ మూత మార్చాలి. ఈ చిన్న పరీక్ష ప్రతి కేజీకీ చేయండి.

తీసిన మూత్రాన్ని కొలిచి, 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను చిన్న భాగాలుగా మైనస్ 80లో పెట్టండి. మైనస్ 20లో నెలల తరబడి ఉంచితే అల్బుమిన్ తగ్గి కనిపిస్తుంది. ఒకసారి కరిగించింది మళ్ళీ గడ్డకట్టించవద్దు.

ఇప్పుడు కొలత. మొత్తం ప్రొటీన్ కొలిచి సరిపెట్టుకోకండి. మగ ఎలుక మూత్రంలో ఆల్ఫా-2యూ గ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ సహజంగానే చాలా ఉంటుంది. డిప్‌స్టిక్ దాన్నీ పట్టుకుంటుంది. ఎలుక అల్బుమిన్‌కే పనిచేసే ఎలైజా (యాంటీబాడీలతో ఒక్క ప్రొటీన్‌నే కొలిచే పరీక్ష) కిట్ కావాలి, డయాగ్నోస్టిక్ ల్యాబుల్లో మనుషులకు వాడే మైక్రోఅల్బుమిన్ కిట్ పనికిరాదు. మొదటి ప్లేటులో రెండు మూడు నమూనాలను 100, 1,000, 10,000 రెట్లు పలుచన చేసి చూడండి, ఏది స్టాండర్డ్ గీత మధ్యలో పడితే అది తీసుకోండి.

ఫలితాన్ని రెండు రకాలుగా ఇవ్వండి: 24 గంటల అల్బుమిన్, అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి. కండ తరిగిన ఎలుక క్రియాటినిన్ తక్కువ పోస్తుంది కాబట్టి నిష్పత్తి ఒక్కటే చూస్తే జబ్బు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

## 9. రక్తం, బీపీ, వడపోత

క్రియాటినిన్‌ను (కండల నుంచి వచ్చి కిడ్నీ ద్వారా పోయే వ్యర్థం) జాఫే అనే పాత రంగు పద్ధతిలో కొలిస్తే కీటోన్లు, గ్లూకోజ్ రెండూ అడ్డొస్తాయి. మీ ఎలుకల్లో ఆ రెండూ నిండుగా ఉన్నాయి. ఎంజైమాటిక్ కిట్ వాడండి. హై ఫ్యాట్ డైట్ ఎలుకల సీరం పాలలా తెల్లగా ఉంటే రంగు మీద ఆధారపడే పరీక్షలన్నీ తప్పుతాయి, ప్రతి నమూనాకూ సీరం బ్లాంకు పెట్టండి. రక్తంలో క్రియాటినిన్ పెరగలేదంటే మోడల్ రాలేదని కాదు. అది చాలా ఆలస్యంగా పెరుగుతుంది, మొదట్లోనైతే వడపోత పెరగడం వల్ల తగ్గవచ్చు కూడా.

బీపీని తోక కఫ్‌తో కొలుస్తారు. ఎలుకను వారం రోజులు రోజూ హోల్డర్‌లో కూర్చోబెట్టి అలవాటు చేయకపోతే మీరు కొలిచేది దాని భయాన్ని.

వడపోత రేటు సరిగ్గా కావాలంటే ఫిట్‌సీ-సినిస్ట్రిన్ లేదా అయోహెక్సాల్ (రక్తంలోకి ఎక్కించి, ఎంత త్వరగా పోతుందో చూసే పదార్థాలు) పద్ధతి. అవి లేకపోతే క్రియాటినిన్ క్లియరెన్స్ రాయండి, దాని పేరుతోనే.

## 10. చివరి రోజు

షుగర్‌ను మత్తు ఇవ్వకముందే కొలవండి. మత్తుకు వాడే కెటామిన్–జైలజిన్‌లోని జైలజిన్ షుగరును పెంచేస్తుంది.

లోతైన మత్తులో గుండె నుంచి రక్తం తీసి, చల్లటి సెలైన్‌తో కిడ్నీలు పాలిపోయేదాకా కడగండి. పైపొర ఒలిచి, ఫిల్టర్ పేపరుతో అద్ది తూచండి. శరీర బరువుతో భాగించిన లెక్క ఒక్కటే ఇవ్వవద్దు, లావు గ్రూపులో అది మోసం చేస్తుంది. కాలి టిబియా ఎముక పొడవుతో భాగించినదీ ఇవ్వండి.

- ఎడమ కిడ్నీ: మధ్యలో అడ్డంగా కోసి, కణజాలానికి కనీసం పదింతల 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 24–48 గంటలు
- కుడి కిడ్నీ: కార్టెక్స్, మెడుల్లా విడదీసి లిక్విడ్ నైట్రోజన్‌లో
- కార్టెక్స్ నుంచి 1 మి.మీ. ముక్కలు రెండు మూడు: 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి

కిడ్నీ కోసినప్పుడు మూత్రం చేరే లోపలి గిన్నె (పెల్విస్) ఉబ్బి ఉందేమో చూడండి. ఎక్కువ మూత్రం పోసే ఎలుకల్లో ఇలా అవుతుంది. ఉంటే ఆ కిడ్నీని లెక్కలోంచి తీసి, తీసిన సంగతి రాయండి.

## 11. స్లైడు చదవడం

సెక్షన్ (స్లైడు మీది కణజాలపు పలుచటి కోత) 2–3 మైక్రాన్లు ఉండాలి. 5 మైక్రాన్ల సెక్షన్‌లో మామూలు మెసాంజియం (గ్లోమెరులస్ లోపల రక్తనాళాలను పట్టి ఉంచే కణజాలం) కూడా మందంగా కనిపిస్తుంది. మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ రంగు ఒక్కటితో ఆపకండి. మెసాంజియానికి పాస్ (పీఏఎస్) రంగు, ఫైబ్రోసిస్‌కు (మచ్చకట్టడం) మాసన్స్ ట్రైక్రోమ్ లేదా పిక్రోసిరియస్ రెడ్, పోడోసైట్ల (వడపోత పొరను కప్పి ఉండే కణాలు) లెక్కకు డబ్ల్యూటీ1 ప్రొటీన్‌ను గుర్తించే స్టెయిన్.

చదివేవారికి గ్రూపు తెలియకూడదు. స్లైడు మీద కోడ్ నంబరు మాత్రమే ఉండాలి, కోడ్ కాగితం ఇంకొకరి దగ్గర ఉండాలి. ఎలుకకు 30–50 గ్లోమెరులస్‌లు, ఒక మూల నుంచి వరసగా, నచ్చినవి ఏరకుండా స్కోరు చేయండి. పరిమాణానికి గ్లోమెరులర్ టఫ్ట్ వైశాల్యాన్ని 1.5 ఘాతానికి పెంచి, 1.38తో గుణించి, 1.1తో భాగిస్తే ఘనపరిమాణం వస్తుంది.

రెండు మాయలు జాగ్రత్త. ట్యూబ్యూల్ కణాలు ఖాళీ బుడగల్లా తెల్లగా కనిపిస్తే అది గ్లైకోజెన్ నిండిన ఆర్మానీ–ఎబ్‌స్టీన్ మార్పు, షుగర్ చాలా ఎక్కువైందని చెబుతుందంతే. దాన్ని నెఫ్రోపతీగా రాసిన థీసిస్‌లు తక్కువేం కాదు. ఇక వయసు మీరిన మగ ఎలుకల్లో జబ్బేమీ లేకుండానే గ్లోమెరులస్‌లు గట్టిపడి, ట్యూబ్యూల్స్‌లో గులాబీ కాస్ట్‌లు (గడ్డకట్టిన ప్రొటీన్ ముద్దలు) వస్తాయి. అందుకే ఒకే వయసు కంట్రోల్ గ్రూపు చివరిదాకా ఉండాలి.

అంతర్జాతీయంగా ఈ మోడళ్ళకు పెట్టుకున్న గీటురాళ్ళు కఠినమైనవి: అల్బుమిన్ అదే జాతి, అదే వయసు కంట్రోల్ కంటే 10 రెట్లు పెరగాలి, వడపోత సగానికి పైగా పడిపోవాలి, మెసాంజియం విస్తరించాలి, గ్లోమెరులస్ బేస్‌మెంట్ పొర (వడపోత పొర) 25 శాతానికి పైగా మందమవ్వాలి. హై ఫ్యాట్, తక్కువ డోసు మోడల్ 12 వారాల్లో ఇవన్నీ చేరదు. అల్బుమిన్ పెరుగుదల, గ్లోమెరులస్ పెద్దవడం, కొంత మెసాంజియల్ విస్తరణ వచ్చాయంటే "తొలి దశ" అని రాయండి. ఇంకా ముదిరిన జబ్బు కావాలంటే ఒక కిడ్నీ తీసేసి మొదలుపెట్టే పద్ధతి ఉంది. దానికి సర్జరీలో చేయి తిరిగినవారు, నొప్పి మందులు, వేరే అనుమతి కావాలి.

## 12. ఏది చెడితే ఏం చూడాలి

షుగర్ ఎక్కలేదు: మందు కరిగించిన సమయం, బఫర్ పీహెచ్, సూది పడిన చోటు చూడండి. అదే ఎలుకకు రెండో డోసు ఇచ్చి గ్రూపులో కలిపేయకండి.

షుగర్ ఎక్కి రెండు నెలల్లో దిగిపోయింది: డోసు తక్కువై బీటా కణాలు కోలుకున్నాయి. అందుకే ప్రతి రెండు వారాలకూ షుగర్ చూడాలి.

బరువు వేగంగా పడిపోతోంది: మీది ఇప్పుడు టైప్ 1 మోడల్. ప్లాస్మా ఇన్సులిన్ కొలిస్తే తెలిసిపోతుంది. పేరు మార్చండి, లేదా తర్వాతి బ్యాచ్‌కు డోసు తగ్గించండి.

అల్బుమిన్‌లో పిచ్చి తేడాలు: ట్యూబు పొంగడం, నీటి చుక్కలు, మేత పొడి పడటం, ఫ్రీజర్ కరెంటు. ఈ వరసలోనే వెతకండి.

పరీక్ష మందు కిడ్నీని కాపాడింది: షుగర్ కూడా తగ్గించిందా? తగ్గిస్తే మీరు చూసింది కిడ్నీ రక్షణ కాకపోవచ్చు, షుగర్ వైద్యం కావచ్చు. షుగర్ అంతే తగ్గించే ఇన్సులిన్ గ్రూపుతో పోల్చి చూస్తేనే తేలుతుంది. మందును ఇంజక్షన్ రోజు నుంచే మొదలుపెట్టారా? అప్పుడది స్ట్రెప్టోజోటోసిన్ బీటా కణాలను కొట్టకుండా అడ్డుపడి ఉండవచ్చు. అల్బుమిన్ పెరిగిందని తేలాక, నాలుగో వారం నుంచో ఆరో వారం నుంచో మొదలుపెట్టండి. ఆసుపత్రికి వచ్చే మనిషి కూడా జబ్బు వచ్చాకే మందు మొదలుపెడతాడు.